గడ్డం మీద వెంట్రుకలు ప్లక్కర్‌తో పీకితే ఎక్కువవుతాయా? ఆ నల్లమచ్చలు ఎందుకు?

మీ ప్రశ్న పెద్దది కాబట్టి, మిగతావాళ్లకు అర్థమయ్యేలా ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను. మీకు 26 ఏళ్లు. కొన్నేళ్ల క్రితం గడ్డం కింద రెండు మూడు గరుకు వెంట్రుకలు కనిపిస్తే ప్లక్కర్‌తో తీసేశారు. ఇప్పుడు రోజూ ఆఫీసుకు బయల్దేరే ముందు అద్దం దగ్గర పావుగంట, అరగంట పోతోంది. గడ్డమంతా నల్లమచ్చలు, మధ్యమధ్య చీము పొక్కులు. "పీకావు కాబట్టే పెరిగాయి" అని అమ్మ అంటున్నారు. వచ్చే నెల నిశ్చితార్థం. ఈలోపు లేజర్ చేయించుకోవాలా అన్నది ఒక ప్రశ్న, అమ్మకు కూడా ఈమధ్య గడ్డం మీద వస్తున్నాయి, ఆవిడ పీక్కోవచ్చా అన్నది ఇంకో ప్రశ్న.

నేను చర్మవ్యాధుల డాక్టర్ని. ఈ సమస్యతో వచ్చే అమ్మాయిల్ని చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. పీకినందువల్ల కొత్త వెంట్రుకలు పుట్టలేదు. మచ్చలు మాత్రం పీకడం వల్లే వచ్చాయి, అందులోనూ పైకి రాని వెంట్రుక కోసం తవ్వడం వల్ల. కనుబొమల దగ్గర నాలుగు వెంట్రుకలకో, నెలకోసారి గడ్డం మీద మొలిచే ఒకటి రెంటికో ప్లక్కర్ చక్కటి వస్తువు. రోజూ పీకాల్సి వస్తోందంటే ఆ పని ప్లక్కర్‌తో అయ్యేది కాదు. మీరు ఇప్పుడు ఆ దశలో ఉన్నారు.

"ఒకటి పీకితే పది వస్తాయి" అనే మాట తెల్లవెంట్రుకల గురించి మొదలై గడ్డం దాకా వచ్చింది. వెంట్రుక కుదుళ్లు మనం తల్లి కడుపులో ఉన్నప్పుడే తయారవుతాయి. ఒక కుదురులోంచి పీకిన వెంట్రుక వల్ల పక్కన కొత్త కుదురు పుట్టదు. మరి కళ్లెదురుగా పెరుగుతున్నాయే అంటారా? దానికి రెండు కారణాలున్నాయి. కుదుళ్లన్నీ ఒకేసారి పనిచేయవు. కొన్ని పెరుగుతుంటాయి, కొన్ని విశ్రాంతిలో ఉంటాయి. మల్లెతీగకు ఇవాళ మొగ్గలన్నీ కోసేసినా రేపు పొద్దున మళ్లీ మొగ్గలుంటాయి, అవి నిన్నటివి కావు. మీ గడ్డం మీద కూడా ఇవాళ పీకినవి వేరు, ఎల్లుండి కనిపించేవి వేరు. పీకిన వెంట్రుక తిరిగి చర్మం పైకి రావడానికి మామూలుగా కొన్ని వారాలు పడుతుంది. రోజూ మొలుస్తున్నాయంటే రోజూ వేర్వేరు కుదుళ్లు పని చేస్తున్నాయని అర్థం.

రెండో కారణం ఇంకా ముఖ్యం. ఆడపిల్లల గడ్డం మీద, పైపెదవి మీద అందరికీ మెత్తటి నూగు ఉంటుంది. ఆండ్రోజెన్ అనే (మగవాళ్లలో ఎక్కువగా, ఆడవాళ్లలో కొద్దిగా ఉండే) హార్మోన్ల ప్రభావంతో ఆ నూగు మెల్లగా నల్లబడి, లావెక్కి, గరుకు వెంట్రుకగా మారుతుంది. ఇది ఏళ్ల తరబడి జరిగే పని. మీరు పీకడం మొదలుపెట్టిన రోజుల్లోనే ఈ మార్పు కూడా మొదలైంది. పీకకపోయినా ఈపాటికి ఇన్నీ వచ్చి ఉండేవి. అమ్మ చెప్పింది ఆవిడ కళ్లతో చూసిందే, కారణం మాత్రం అది కాదు.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది, ఇంటర్నెట్‌లో వెతికితే మీకు ఎదురవుతుంది కాబట్టి చెప్తున్నాను. 2015లో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు ఎలుకల వీపు మీద ఒక ప్రయోగం చేశారు. చిన్న జాగాలో దగ్గర దగ్గరగా 200 వెంట్రుకలు పీకితే వెయ్యికి పైగా తిరిగి వచ్చాయి. ఈ వార్త చూసి చాలామంది "చూశారా, మా అమ్మమ్మ చెప్పిందే నిజమైంది" అన్నారు. అక్కడ కొత్త కుదుళ్లేమీ పుట్టలేదు. పీకిన చోట తగిలిన దెబ్బకు చుట్టుపక్కల విశ్రాంతిలో ఉన్న కుదుళ్లు కూడా లేచి పనిలోకి దిగాయి. అదే 200 వెంట్రుకల్ని ఎడంగా, అక్కడొకటి ఇక్కడొకటిగా పీకితే అలా జరగలేదు. పైగా అది ఎలుక చర్మం. దాన్ని తెచ్చి మనిషి గడ్డానికి అంటించలేం.

ఇంకోవైపు, కనుబొమల విషయంలో అసలు భయం దీనికి తలకిందులు. ఏళ్ల తరబడి ఒకే చోట పీకితే కుదురు దెబ్బతిని, అక్కడ ఇక రాకుండా పోవచ్చు. 1990ల్లో సన్నటి గీతలాంటి కనుబొమలు ఫ్యాషన్‌గా ఉన్నప్పుడు పీకించుకున్న ఆడవాళ్లలో కొందరు ఇప్పుడు పెన్సిల్‌తో గీసుకుంటున్నారు. గడ్డం మీద అలా పోతే సంతోషమే కదా అనిపిస్తుంది. కానీ గడ్డం మీది గరుకు వెంట్రుకకు హార్మోన్ల అండ ఉంది, అంత తేలిగ్గా ఓడిపోదు.

ఇప్పుడు మచ్చల సంగతి. దీనికోసం ఒక పని చేయండి. రేపు పీకిన వెంట్రుకల్ని పారేయకుండా తెల్ల కాగితం మీద వరసగా పెట్టి, ఫోన్ కెమెరా జూమ్ చేసి వాటి మొదళ్లు చూడండి. మూడు రకాలు కనిపిస్తాయి. కొన్నిటి మొదట్లో నల్లటి చిన్న ఉబ్బు, దాని చుట్టూ జిగురుగా, లోపలిది కనిపించేంత పల్చటి తొడుగు ఉంటుంది. ఒక్కోసారి ఆ కొస కొంచెం వంగి కూడా ఉంటుంది. అవి పెరుగుతున్న దశలో ఉన్నవి. కొన్నిటికి చివర చిన్న తెల్ల గుండు ఉంటుంది, తొడుగు ఉండదు. అవి విశ్రాంతి దశలో ఉన్నవి, మీరు పీకకపోయినా రాలిపోయేవే. మూడో రకానికి మొదట్లో ఏమీ ఉండదు, మొండిగా తెగి ఉంటుంది. అది చర్మం లోపలే విరిగిపోయింది.

మొదటి రకాన్ని చూసి "వేరుతో సహా వచ్చేసింది, ఇక రాదు" అని సంబరపడేవాళ్లు చాలామంది. ఆ జిగురు తొడుగు వేరు కాదు. వెంట్రుకను తయారుచేసే మూలకణాలు చర్మంలోనే ఉండిపోతాయి, కొన్ని వారాల్లో మళ్లీ పని మొదలుపెడతాయి. ఇబ్బంది పెట్టేది మూడో రకం. లోపల తెగిన వెంట్రుక కొస వాడిగా ఉంటుంది. అది పెరుగుతూ పెరుగుతూ సరిగ్గా రంధ్రంలోంచి బయటికి రాకుండా పక్కనున్న చర్మంలోకి గుచ్చుకుంటుంది, లేదా చర్మం కిందే చుట్ట చుట్టుకుంటుంది. శరీరం దాన్ని ముల్లు గుచ్చుకున్నట్టే చూస్తుంది. ఎర్రటి పొక్కు లేస్తుంది. దానిమీద స్టెఫైలోకాకస్ లాంటి బాక్టీరియా చేరితే చీము పడుతుంది. దీన్నే అందరూ ఇన్‌గ్రోన్ హెయిర్ అంటున్నారు.

ఇక్కడే అసలు నష్టం జరుగుతుంది. చర్మం కింద నల్లగా ఒక గీత కనిపిస్తుంది. చెయ్యి ఊరుకోదు. ప్లక్కర్ మొనతో, అదీ కుదరకపోతే పిన్నీసుతో, గోళ్లతో తవ్వి బయటికి లాగుతారు. లాగినప్పుడు కలిగే తృప్తి గురించి నాకు చాలామంది చెప్పారు, అది నేను కాదనను. కానీ మన చర్మం రంగుకు ఒక గుణం ఉంది. ఎక్కడ చిన్న గాయమైనా, మంట పుట్టినా అక్కడ మెలనిన్ అనే రంగు ఎక్కువగా దిగుతుంది. పొక్కు వారంలో మానుతుంది, మచ్చ నెలల తరబడి ఉంటుంది. అది మానేలోపు అదే చోట మళ్లీ తవ్వితే రంగు ఇంకా లోతుకు దిగుతుంది. మీ గడ్డం మీద ఉన్నవి ఒక్కొక్క మచ్చా ఒక్కొక్క తవ్వకం. వెంట్రుక కంటే ఆ మచ్చే దూరం నుంచి ఎక్కువ కనిపిస్తుందని మీరే రాశారు.

కాబట్టి మొదట చేయాల్సింది తవ్వడం ఆపడం. కనీసం ఆరు వారాలు గడ్డం మీద ప్లక్కర్, థ్రెడింగ్, వ్యాక్సింగ్ ఏదీ వద్దు. ఇవన్నీ మొదలంటా లాగేవే, చర్మానికి తేడా ఏమీ తెలియదు. "మరి అంతవరకు గడ్డంతో తిరగాలా?" అంటారు. అక్కర్లేదు. షేవ్ చేసుకోండి.

ఈ మాట చెప్పగానే ఎదురుగా కూర్చున్న అమ్మాయి ముఖం, పక్కన కూర్చున్న వాళ్లమ్మ ముఖం రెండూ మారిపోతాయి. కత్తి పెడితే మగవాళ్లలాగా గడ్డం వస్తుందని మనవాళ్ల గట్టి నమ్మకం. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శరీర నిర్మాణ శాస్త్రవేత్త కొందరు మగవాళ్ల గడ్డాల్ని నెలల తరబడి కొలిచి చూశారు. షేవింగ్ వల్ల వెంట్రుక మందం గానీ, పెరిగే వేగం గానీ మారలేదు. రేజర్ చర్మం పైభాగాన్ని మాత్రమే తాకుతుంది, లోపలున్న కుదురుకు ఆ సంగతే తెలియదు. కాకపోతే కొస అడ్డంగా తెగుతుంది కాబట్టి చేత్తో రాస్తే రెండో రోజుకు గరుకు తగులుతుంది. ఆ గరుకే "లావయ్యాయి" అనే భ్రమ. స్నానం అయ్యాక, ముఖం తడిగా ఉన్నప్పుడు, ఏదైనా జెల్ రాసి, వెంట్రుక మొలిచిన వైపుకే ఒక్కసారి మెల్లగా గీయండి. ఎదురు గీయొద్దు, ఒకే చోట నాలుగుసార్లు గీయొద్దు. చిన్న ఎలక్ట్రిక్ ట్రిమ్మర్ అయితే ఇంకా మేలు, మరీ నున్నగా రాదు గానీ పొక్కులు తక్కువ. హెయిర్ రిమూవల్ క్రీములు ముఖానికి వాడాలంటే ముఖానికని రాసి ఉన్నవే వాడాలి, అదీ చెవి వెనక కొంచెం రాసి చూశాక. ఇప్పుడున్న పొక్కుల మీద అసలు వద్దు, మండిపోతుంది.

మచ్చలకు ఏం రాయాలో కూడా అడిగారు. ముందు ఏం రాయకూడదో చెప్తాను. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే తెల్లబరిచే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన వారంలో ముఖం మెరిసిపోతుంది. నెలలు గడిచాక చర్మం పల్చబడుతుంది, ఎర్రటి రక్తనాళాలు తేలతాయి, మొటిమలు వస్తాయి, అన్నిటికీ మించి రాసిన చోట వెంట్రుకలు పెరుగుతాయి. వెంట్రుక పీకితే పడిన మచ్చకు క్రీము, ఆ క్రీము వల్ల మళ్లీ వెంట్రుక. ఈ చక్రంలో ఏళ్లకేళ్లు తిరిగినవాళ్లున్నారు. ఇలాంటి 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో నిబంధన పెట్టింది. షాపుల్లో ఏం జరుగుతోందో మీకూ తెలుసు.

రాయాల్సినవి పెద్దగా ఏమీ లేవు. పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి, గడ్డం కింది భాగానికి కూడా. చాలామంది బుగ్గలకు, నుదుటికి రాసి గడ్డాన్ని వదిలేస్తారు. రాత్రి అజెలాయిక్ యాసిడ్ క్రీము మంచి ఎంపిక, పొక్కులకూ మచ్చలకూ రెంటికీ పనిచేస్తుంది. మొదటి రోజుల్లో కొంచెం చిమచిమ ఉంటుంది. తవ్వడం ఆపితే మూడు నాలుగు నెలల్లో చాలావరకు తగ్గుతాయి. లోతుగా దిగినవి ఇంకా ఎక్కువ కాలం తీసుకుంటాయి. సున్నిపిండితో గట్టిగా రుద్దడం ఆపేయండి. రుద్దితే మచ్చ పోదు, చర్మం రేగి ఇంకా నల్లబడుతుంది. పసుపు రాస్తే వెంట్రుకలు రాకుండా పోతాయన్నది కూడా ఆశే. పసుపు రాసుకోండి, తప్పులేదు, వెంట్రుకల లెక్కలోకి మాత్రం దాన్ని తీసుకోకండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ పీరియడ్స్ ఎలా వస్తున్నాయో మీరు రాయలేదు. వెంట్రుకల గురించి అంత వివరంగా రాసినవారు ఆ ఒక్క మాట వదిలేశారు. మా దగ్గరికి వచ్చేవాళ్లు కూడా ఇంతే, చర్మం డాక్టరుకు నెలసరి సంగతి ఎందుకని అనుకుంటారు. గడ్డం మీద, పైపెదవి మీద, ఛాతీ మధ్య, బొడ్డు కింద, తొడల లోపలి వైపు గరుకు వెంట్రుకలు వస్తుంటే దాన్ని హిర్సూటిజం అంటాం. దానికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం పీసీఓఎస్, అంటే పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అనే హార్మోన్ల సమస్య. సంతానం కలిగే వయసులో ఉన్న ఆడవాళ్లలో నూటికి పదిమంది అటూ ఇటూగా దీనితో ఉంటారు. 2003లో రాటర్‌డామ్‌లో కుదుర్చుకున్న ప్రమాణాల ప్రకారం మూడింట్లో రెండుంటే పీసీఓఎస్ అంటాం: నెలసరి సరిగా రాకపోవడం, ఆండ్రోజెన్లు ఎక్కువున్న లక్షణాలు లేదా రక్తపరీక్షలో అవి ఎక్కువగా కనిపించడం, స్కానింగ్‌లో అండాశయాల్లో చిన్న చిన్న నీటిబుడగల్లాంటివి ఎక్కువగా ఉండటం. అంటే స్కానింగ్ మామూలుగా ఉన్నా పీసీఓఎస్ ఉండొచ్చు. స్కానింగ్‌లో బుడగలు కనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్టూ కాదు. మీ నెలసరి 35 రోజులు దాటి వస్తుంటే, మొటిమలు తగ్గకపోతే, మెడ వెనక నల్లగా మందంగా ఉంటే, బరువు ఊరికే పెరుగుతుంటే ఆ వైపు చూడాల్సిందే.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు నున్నగా పీక్కుని వెళ్లొద్దు. హిర్సూటిజం తీవ్రతను కొలవడానికి ఫెర్రిమన్, గాల్వే అనే ఇద్దరు 1961లో ఒక పద్ధతి పెట్టారు. ఇప్పుడు వాడే రూపంలో ఒంటి మీద తొమ్మిది చోట్ల చూసి ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు వేస్తాం. నిన్న రాత్రి కూర్చుని అన్నీ పీకేసుకుని వచ్చిన అమ్మాయి గడ్డం చూసి ఎవరైనా సున్నా వేసి పంపేస్తారు. చూపించుకునే ముందు కొన్ని వారాలు లాగడం ఆపి, సిగ్గనిపిస్తే మాస్క్ పెట్టుకుని వెళ్లండి. అదీ కుదరకపోతే ఎన్ని రోజులకోసారి పీకుతున్నారో, ఎక్కడెక్కడ పీకుతున్నారో నోరు తెరిచి చెప్పండి. పాత ఫోటో ఉంటే చూపించండి.

సాధారణంగా టెస్టోస్టిరాన్, థైరాయిడ్, ప్రొలాక్టిన్, 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్, షుగర్ లాంటి రక్తపరీక్షలు రాస్తారు. అన్నీ మామూలుగా ఉండి కూడా వెంట్రుకలు రావొచ్చు. ఇంట్లో మేనత్తకో, అమ్మమ్మకో ఉంటే వంశపారంపర్యంగా వస్తుంది, అది జబ్బు కాదు. ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, జుట్టు కోసం వాడే మినాక్సిడిల్ లాంటి మందుల వల్ల కూడా ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి. తలకు మినాక్సిడిల్ రాసి, ఆ దిండు మీదే ముఖం పెట్టి పడుకునేవాళ్లను ఈమధ్య బాగా చూస్తున్నాను. ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. వెంట్రుకలు కొద్ది నెలల్లోనే ఒక్కసారిగా పెరిగి, గొంతు బొంగురుపోయి, నెలసరి ఆగిపోయి, తల ముందుభాగం పల్చబడుతుంటే వెంటనే ఎండోక్రైనాలజిస్టును, అంటే హార్మోన్ల డాక్టర్ని కలవాలి. అరుదుగా అండాశయంలోనో, అడ్రినల్ గ్రంథిలోనో గడ్డ వల్ల అలా జరుగుతుంది.

పీసీఓఎస్ అని తేలితే మాత్రలు ఉన్నాయి. గర్భనిరోధక మాత్రలు, స్పైరోనోలాక్టోన్ లాంటివి. ఫలితం కనిపించడానికి ఆరు నెలలు పడుతుంది, ఎందుకంటే ఇప్పటికే గరుకుగా మారిన వెంట్రుక తన చక్రం పూర్తి చేసుకోవాలి. మీకు పెళ్లి కుదురుతోంది కాబట్టి ఒక మాట గట్టిగా చెప్తున్నాను. స్పైరోనోలాక్టోన్ వాడుతుండగా గర్భం రాకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే ఎదుగుదల మీద ప్రభావం పడొచ్చు. ముహూర్తం ఎప్పుడో, పిల్లల గురించి ఏమనుకుంటున్నారో డాక్టరుకు ముందే చెప్పండి. "ఇంకా పెళ్లికాలేదు కదా" అని ఆ విషయం దాటేసి రాసేవాళ్లుంటారు.

లేజర్ గురించి. నిశ్చితార్థం నెలలో ఉంటే ఇప్పుడు మొదలుపెట్టొద్దు. ఇప్పుడున్న పొక్కుల మీద, తాజా మచ్చల మీద లేజర్ పడితే కాలిన మచ్చలు కూడా కలవొచ్చు. ఫంక్షన్ అయ్యాక, చర్మం శాంతించాక చేయించుకోండి. లేజర్ కాంతి వెంట్రుకలోని నల్లరంగును పట్టుకుని కుదురు దాకా వేడిని పంపుతుంది. కుదురులో వెంట్రుకే లేకపోతే ఆ కాంతి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే సిట్టింగ్‌కు ముందు కనీసం నాలుగు వారాలు పీకకూడదు, సిట్టింగ్స్ మధ్యలోనూ పీకకూడదు. షేవ్ చేసుకోవచ్చు. వేలకు వేలు కట్టి, ఇంటికొచ్చి మళ్లీ ప్లక్కర్ పట్టుకునేవాళ్ల డబ్బు గాలికి పోయినట్టే.

మన రంగు చర్మానికి ఎన్‌డి యాగ్ 1064 నానోమీటర్లు, డయోడ్ 800 నానోమీటర్లు అటూ ఇటూగా ఉన్న మెషీన్లు వాడతాం. ఏ మెషీనో, వేసేది ఎవరో అడగడానికి మొహమాటపడకండి. నల్లటి గరుకు వెంట్రుకలకే లేజర్ అడగండి. "మొత్తం ముఖం ప్యాకేజీ"లో బుగ్గల మీది సన్నటి నూగుకు కూడా వేయించుకుంటే కొందరిలో ఆ నూగే నల్లటి వెంట్రుకగా మారుతుంది, ముఖ్యంగా దవడ అంచున, మెడ దగ్గర. పీకితే పెరుగుతాయన్న భయం అక్కర్లేదు గానీ, ఈ భయం మాత్రం నిజమైనదే. ఇంకోటి, లేజర్‌ను "పర్మనెంట్" అని అమ్ముతారు. అమెరికాలో మందుల్ని, వైద్య పరికరాల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ లెక్కలో లేజర్‌కు ఒప్పుకున్నది శాశ్వత తగ్గింపు వరకే, శాశ్వతంగా తీసేయడం అనే మాట ఎలక్ట్రాలిసిస్‌కే ఇచ్చారు. ఇందులో సన్నటి సూదిని ఒక్కో కుదురులోకి దించి కరెంటుతో కాలుస్తారు. 1875లో సెయింట్ లూయిస్‌లో చార్లెస్ మిచెల్ అనే కంటి డాక్టరు, కంట్లోకి తిరిగి గుచ్చుకునే రెప్పవెంట్రుకల కోసం దీన్ని మొదలుపెట్టారు. అప్పటిదాకా వాటిని పీకడమే, పీకినకొద్దీ తిరిగి రావడమే. ఒక్కో వెంట్రుకకూ విడిగా చేయాలి కాబట్టి ఓపిక కావాలి. లేజర్‌కు లొంగని తెల్లవెంట్రుకలకు మాత్రం అదే దారి.

నిశ్చితార్థానికి ఏం చేయాలంటే, ముందురోజు రాత్రి గడ్డం షేవ్ చేసుకోండి, పొద్దున మేకప్ వేయించుకోండి, అంతే. కనుబొమలు రెండు మూడు రోజుల ముందే చేయించుకోండి, అదేరోజు పొద్దున వద్దు. రేపు పెళ్లికి కూడా ఇది గుర్తుంచుకోండి. పెళ్లికూతుర్ని చేసే రోజు పొద్దున పార్లర్‌లో లాగించుకుని, వెంటనే పీట మీద కూర్చుంటే అత్తయ్యలూ పిన్నులూ తలా ఒక చెయ్యి నలుగు వేసి ముఖం రుద్దేస్తారు. అప్పుడే లాగిన రంధ్రాల్లోకి పిండి, పసుపు, నూనె ఎక్కి, సరిగ్గా తలంబ్రాల నాటికి పొక్కులు లేస్తాయి.

కనుబొమలకు మీరు ప్లక్కర్ వాడుకుంటూనే ఉండొచ్చు కాబట్టి ఆ పద్ధతి కూడా చెప్తాను. మొన ఏటవాలుగా ఉండే స్టీలు ప్లక్కర్ కొనండి. సూదిలాంటి మొన ఉన్నది ఇంట్లో ఉంటే తవ్వబుద్ధి అవుతుంది, వద్దు. ఫ్యాన్సీ షాపులోనే దాన్ని మూసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి, రెండు అంచుల మధ్య సందులోంచి వెలుగు కనిపిస్తే అది వెంట్రుకను పట్టదు, జారుతుంది లేదా మధ్యలో తెంపుతుంది. చర్మం లోపల తెగిన మొండి వెంట్రుకలకు సగం కారణం ఇలాంటి ప్లక్కర్లే. వాడే ముందు, తర్వాత సర్జికల్ స్పిరిట్‌తో తుడవండి. హాస్టల్లో ఒకే ప్లక్కర్ రూమంతా తిరుగుతుంది, పులిపిర్లు, చీము పొక్కులు కూడా దాంతోపాటే తిరుగుతాయి.

స్నానం తర్వాత, కిటికీ పక్కన పగటి వెలుతురులో కూర్చోండి. పెద్దదిగా చూపించే అద్దం మాత్రం వద్దు. దాంట్లో చూస్తే నూగు కూడా తాడులా కనిపిస్తుంది, పీకడానికి అంతుండదు. మామూలు అద్దంలో మూరెడు దూరం నుంచి కనిపించినవే తీయాలి. ఎడమచేతి రెండు వేళ్లతో చర్మాన్ని బిగించి, వెంట్రుకను చర్మానికి వీలైనంత దగ్గర పట్టుకుని, మొలిచిన దిక్కుకే నిదానంగా లాగండి. పైకి ఎగలాగితే తెగుతుంది. ఒక్కోసారి ఒక్కటే. కనుబొమ పైవైపు ముట్టుకోకండి, కింద గీత దాటినవి మాత్రమే తీయండి. అయ్యాక చల్లటి తడిబట్ట కాసేపు అద్దితే చాలు, సెంట్లు, స్క్రబ్‌లు ఆరోజు దూరంగా ఉంచండి.

ప్లక్కర్ అసలు పెట్టకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. ముక్కులోపలి వెంట్రుకలు పీకితే అక్కడ చీము పడుతుంది, ఆ ప్రాంతపు రక్తనాళాలకు మెదడు వైపు దారి ఉంది కాబట్టి ఆ ఇన్‌ఫెక్షన్‌తో ఆటలొద్దు, చిన్న కత్తెరతో కత్తిరించుకోవాలి. పుట్టుమచ్చ మీది వెంట్రుక పీకితే క్యాన్సర్ వస్తుందన్నది నిజం కాదు, కానీ వాచి నొప్పి చేస్తుంది, అదీ కత్తిరించుకుంటే సరిపోతుంది. మచ్చ రంగో ఆకారమో మారుతుంటే చూపించుకోండి.

మీరు రాసిన ఇంకో వాక్యం దగ్గర ఆగాను. "మీటింగ్‌లో ఉన్నా చెయ్యి గడ్డం మీదకే పోతుంది, తగిలిందంటే అది పీకేదాకా పని మీద ధ్యాస ఉండదు" అన్నారు. వెంట్రుక అందవిహీనంగా ఉందని పీకడం వేరు, టెన్షన్ వచ్చినప్పుడల్లా పీకడం వేరు. రెండోది కొందరిలో ట్రైకోటిల్లోమేనియా అనే అలవాటుగా ముదురుతుంది. మందలిస్తే మానేది కాదు, సైకాలజిస్టు దగ్గర హ్యాబిట్ రివర్సల్ అనే శిక్షణ ఉంది, బాగా పనిచేస్తుంది. మీకు అది ఉందని చెప్పడం లేదు. ప్లక్కర్‌ను హ్యాండ్‌బ్యాగులోంచి తీసి ఇంట్లో బీరువాలో పెట్టి చూడండి. మొదటి వారం చెయ్యి వెతుకుతుంది, తర్వాత తగ్గుతుంది. తగ్గకపోతే అప్పుడు వెళ్లండి.

ఇక అమ్మ సంగతి. మెనోపాజ్ తర్వాత ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ బాగా పడిపోతుంది, ఆండ్రోజెన్లు అంతగా తగ్గవు. అందుకే ఆ వయసులో గడ్డం మీద నాలుగైదు గరుకు వెంట్రుకలు రావడం మామూలే. ఆవిడ నిరభ్యంతరంగా పీక్కోవచ్చు. కాకపోతే చత్వారం ఉన్న కళ్లతో వెంట్రుకకు బదులు చర్మాన్ని పట్టుకుంటారు, మీరు ఇంటికెళ్లినప్పుడు మీరే తీసిపెట్టండి. షుగర్ ఉన్నా, రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నా ప్లక్కర్ బదులు ట్రిమ్మర్ కొనివ్వండి.